అత్తిబెలెలో మా బావ అంబాసిడర్

మన పత్రికలో చాలామంది తిరుపతి పోయి వచ్చిన సంగతి, మంత్రాలయం పోయి వచ్చిన సంగతి రాస్తా ఉంటారు. నేను రాసేది అంత పెద్ద యాత్ర కాదు. బెంగళూరు నుంచి అత్తిబెలె దాకా, అంతే. అయినా ఆ ఆరు రోజుల్లో నేను చూసింది మన మిల్లు కుటుంబాల వాళ్ళకు చెప్పాలనిపించింది. నేను అయిదో తరగతి దాకా చదివినవాణ్ణి. ముప్పై నాలుగేళ్ళు రింగ్ ఫ్రేము ఖాతాలో పని చేసినాను. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

అత్తిబెలెలో మా అక్క, బావ ఉన్నారు. బావకు 74 ఏళ్ళు, అక్కకు 70. అక్కకు రెండేళ్ళుగా కిడ్నీలు పని చేయడం లేదు. సోమవారం, గురువారం డయాలిసిస్ చేయించాలి. నేను పోక చాలా నెలలైంది. కార్తీక మాసంలో ఒక బుధవారం సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకుని బయలుదేరినాను.

మిల్లు నడిచే రోజుల్లో వారం సెలవు నాడు అత్తిబెలె పోవాలంటే మెజెస్టిక్‌లో బస్సు ఎక్కి, మడివాళ, బొమ్మనహళ్ళి దాటే లోపల ఒక నిద్ర తీసేవాణ్ణి. ఇప్పుడు అట్ల కాదు. 2025 ఆగస్టులో పసుపు లైను మెట్రో తెరిచినారు. ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్లు, 16 స్టేషన్లు. మెజెస్టిక్‌లో ఆకుపచ్చ లైను ఎక్కి, ఆర్.వి. రోడ్డులో దిగి మారాల. రైలు పైన పోతుంది కాబట్టి కింద లారీలు, బస్సులు ఇరుక్కుని ఉండేది కనిపిస్తా ఉంటుంది. సిల్క్ బోర్డు స్టేషన్ వచ్చినప్పుడు నా పక్కన కూర్చున్న పిల్లోడు, "తాతా, ఇదే ట్రాఫిక్ జామ్ అయ్యే సిల్క్ బోర్డు" అన్నాడు. సిల్క్ బోర్డు అంటే పట్టు పరిశ్రమను చూసుకునే సర్కారు ఆఫీసు అని వానికి చెప్పినాను. వానికి ఆ సంగతి తెలియదు. వాని తప్పేమీ లేదు, ఊళ్ళో చానామందికి ఆ పేరు ట్రాఫిక్ పేరే అయిపోయింది.

బొమ్మసంద్రలో దిగి బస్సు ఎక్కినాను. చందాపుర దాటినాక రెండు పక్కలా ఫ్యాక్టరీలు. షిఫ్టు ముగిసి గార్మెంట్స్ ఆడపిల్లలు టిఫిన్ డబ్బాలు పట్టుకుని గుంపులుగా నడిచి వస్తా ఉంటే మన మిల్లు గేటు ముందర రెండు గంటల సైరన్ మోగినట్టే అనిపించింది. మన ఇండ్ల పిల్లలు కూడా వాళ్ళలో ఉన్నారు. మిల్లులు మూసినారు, కుట్టు మిషన్లు వచ్చినాయి. పని మారింది కానీ డబ్బా అదే.

అత్తిబెలె ఆనేకల్ తాలూకాలో ఉంది. ఈ రోడ్డులో కర్ణాటకకు కడపటి ఊరు. ఊరు దాటితే తమిళనాడు మొదలు, కొంచెం ముందుకు పోతే హోసూరు. అప్పట్లో 7వ నెంబరు జాతీయ రహదారి అనేవాళ్ళు, ఇప్పుడు 44 అంటారు. రాత్రీ పగలూ లారీలు ఆగవు. ఊరి బజారులో టీ అంగట్లో కన్నడంలో టీ అడిగితే తమిళంలో చిల్లర లెక్క చెప్పి, తెలుగులో "కూసో అన్నా" అంటారు. మనవాళ్ళు ఇక్కడ మొదటి నుంచీ ఉన్నారు. బెంగళూరులో బాడుగలు కట్టలేక ఇటు వచ్చి చిన్న సైటు కొని ఇల్లు కట్టుకున్న మిల్లు కుటుంబాలు కూడా ఉన్నాయి. మా అక్కావాళ్ళు అట్ల వచ్చినవాళ్ళే.

ఇంక బండి సంగతికి వస్తాను. మా బావ మా మిల్లులోనే డ్రైవరు. ఆఫీసరు కారు నడిపేవాడు. 1984 మోడల్ అంబాసిడర్, మార్క్ 4, తెల్ల రంగు, పెట్రోలు బండి. మిల్లు మూసేటప్పుడు పాత సామానుతో పాటు ఆ కారు కూడా వేలం వేసినారు. బావ తనకు వచ్చిన డబ్బులో కొంత పెట్టి దాన్ని కొన్నాడు. అప్పుడు నేను, అక్క, అందరం తిట్టినాం. "ఇంటికి రేకులు మార్చుకోకుండా ఈ ఇనుము ఎందుకు బావా" అన్నాను. ఆయన నాతో ఒక సంవత్సరం సరిగా మాట్లాడలేదు.

ఇప్పుడు అదే బండి అక్కను ఆస్పత్రికి తీసుకుపోతా ఉంది. అంబాసిడర్ సీటు ఎత్తుగా, వెడల్పుగా సోఫా మాదిరి ఉంటుంది. తలుపు పెద్దగా తెరుచుకుంటుంది. మోకాళ్ళు వంగని మనిషి కూడా వెనక్కి కూర్చుని కాళ్ళు లోపలికి పెట్టుకోవచ్చు. డయాలిసిస్ ముగిసినాక అక్కకు కళ్ళు తిరుగుతాయి, వెనక సీట్లో పడుకుని వస్తుంది. బస్సు మెట్లు ఎక్కలేదు. ఆటోలో ఆ రోడ్డు గుంతల మీద రాలేదు.

నేను వచ్చిన మరునాడు గురువారం. నేనూ వాళ్ళతో పోయినాను. పోయేటప్పుడే చూసినాను. రోడ్డు మీద బండి బాగానే పోతుంది. 50, 60 వేగంలో ఏ తేడా లేదు. ఎక్కడైనా నిలిపితే మాత్రం ఇంజన్ వణుకుతుంది, ఎగసిపడుతుంది, తగ్గుతుంది, మళ్ళీ ఎగసి ఆగిపోతుంది. బావ ఎడమ కాలు క్లచ్ మీద, కుడి కాలి మడమ బ్రేకు మీద, వేళ్ళు యాక్సిలరేటర్ మీద పెట్టి నిలబెట్టుకుంటా ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు చందాపుర సర్కిల్లో ఆగిపోయింది. వెనక లారీ హారన్. స్టార్టర్ తిప్పితే తిరుగుతుంది, పట్టుకోదు. చోక్ లాగితే పట్టుకుంది. వెనక సీట్లో అక్క కళ్ళు మూసుకుని, "ఏమండీ, ఇంటికి చేరతామా" అంది. బావ జవాబు చెప్పలేదు. ఆయన చొక్కా వెనక అంతా చెమట.

రాత్రి భోజనాల దగ్గర మా మేనల్లుడు సంగతి విప్పినాడు. వాడు ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని. "మామా, రెండు నెలలుగా ఇదే కథ. ఒక వర్క్‌షాపులో చూపించినాం. ఇంజన్ అయిపోయింది, బోర్ చేయించాల, నలభై వేలు అవుతుంది అన్నారు. అదీ కాక ఇరవై ఏళ్ళు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ కొత్తగా చేయించేదానికి ఈ ఆగస్టు నుంచి పది వేలు ఫీజు. ఇంత పెట్టేదాని కన్నా తూకానికి వేసేస్తే పోతుంది. నువ్వైనా నాయనకు చెప్పు."

వాడు చెప్పేది తప్పు కాదు. వాడే కదా అప్పు తీర్చాల్సింది. బావ అన్నం కలుపుతా, "తూకానికి వేసి అమ్మను దేంట్లో తీసుకుపోతావు?" అన్నాడు. వాడు లేచి చేయి కడుక్కున్నాడు.

నాకు కార్ల గురించి తెలియదు. నాకు తెలిసింది రింగ్ ఫ్రేము. అయినా ఒక మాట అడిగినాను. "బావా, బండి నీలం పొగ పోస్తుందా? ఆయిల్ తాగుతుందా?" లేదన్నాడు. "ఎక్కుడు ఎక్కేటప్పుడు బలం తగ్గిందా?" అదీ లేదన్నాడు. మరి ఇంజన్ అయిపోతే రోడ్డు మీద ఎట్ల బాగా పోతుంది, నిలబడినప్పుడే ఎందుకు చస్తుంది? ఆ ప్రశ్న నన్ను పడుకోనీయలేదు.

పొద్దున్నే బానెట్ ఎత్తమన్నాను. బావ స్టార్టు చేసినాడు. ఇంజన్ మోత కింద ఇంకొక శబ్దం ఉంది. సన్నగా, 'ఉస్స్' అని. ఆ శబ్దం నాకు కొత్త కాదు.

ఇక్కడ మన పిల్లల కోసం రింగ్ ఫ్రేము సంగతి కొంచెం చెప్పాల. దారం వడికేటప్పుడు తెగితే ఆ తెగిన కొస నుంచి దూది వస్తానే ఉంటుంది. దాన్ని లాగేసేదానికి రోలర్ల కింద వరుసగా సన్న గొట్టాలు ఉంటాయి, అవి ఒక పెద్ద డక్టుకు కలుస్తాయి. ఆ డక్టు కొసలో ఫ్యాను గాలి పీలుస్తా ఉంటుంది. న్యూమాఫిల్ అంటాం. డక్టు అతుకులో ఎక్కడైనా సందు పడితే ఫ్యాను ఆ సందులో నుంచి గాలి తాగుతుంది. దూరంగా ఉన్న స్పిండిళ్ళ దగ్గర పీల్పు తగ్గిపోతుంది, దూది రోలర్లకు చుట్టుకుంటుంది. సైడర్ తిట్లు తింటాడు, ఫ్యాను మోటారు పాడైంది అని రాస్తారు. నేను చేరిన కొత్తలో మా జాబర్ అయ్య నాకు నేర్పింది ఏమంటే, మోటారు జోలికి పోకముందు రోవింగ్ నుంచి చిటికెడు దూది తీసి, సన్నగా సాగదీసి, డక్టు అతుకుల వెంబడి పట్టుకుని నడువు. ఎక్కడ దూది లోపలికి వంగుతుందో అక్కడ సందు.

కారు ఇంజన్ కూడా గాలి పీల్చేదే. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా పీలుస్తుంది. ఆ గాలి కార్బొరేటర్ గుండా వస్తేనే దానికి సరిపడా పెట్రోలు కలుస్తుంది. బరువు లెక్కలో ఒక కిలో పెట్రోలుకు దాదాపు 15 కిలోల గాలి. కార్బొరేటర్ దాటినాక ఎక్కడైనా సందు ఉంటే అందులో నుంచి వచ్చే గాలికి పెట్రోలు ఉండదు. మిశ్రమం పలచబడుతుంది. స్లోలో నిలబడినప్పుడు కార్బొరేటర్ లోపలి రేకు దాదాపు మూసి ఉంటుంది, ఇంజన్ తాగే గాలే కొంచెం, లోపల పీల్పు చాలా గట్టిగా ఉంటుంది. అప్పుడు చిన్న సందు కూడా పెద్ద దొంగ. యాక్సిలరేటర్ తొక్కితే రేకు తెరుచుకుని గాలి బాగా వస్తుంది, పీల్పు తగ్గుతుంది, సందులో వచ్చేది ఆ లెక్కలో ఏ మూలకూ రాదు. అందుకే రోడ్డు మీద బాగా పోతుంది, సర్కిల్లో చస్తుంది. ఇదంతా నాకు ముందే తెలుసు అని చెప్పుకోను. సగం నా మిల్లు బుద్ధి, సగం తరువాత భాయ్ చెప్పింది.

మొదట నేను తప్పు చేసినాను. కార్బొరేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే సన్న గొట్టం ఉంది, దాని కొసలో రబ్బరు పగిలి ఉంది. "ఇదే దొంగ, పట్టేసినాను" అని బావ వీపు తట్టి, అరవై రూపాయల రబ్బరు గొట్టం తెచ్చి మార్చినాను. బండి పికప్ బాగుపడింది. స్లో మాత్రం అదే వణుకు. శనివారం పొద్దున టోల్ గేటు దాకా పోయి చూద్దామని పోతే, గేటు ముందర వరుసలోనే ఆగిపోయింది. నలుగురు లారీ క్లీనర్లు వచ్చి పక్కకు తోసినారు. మా మేనల్లుడు నా వైపు చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ కష్టమైంది.

అక్కడ నుంచి బావ, "ఊరి లోపల ఒక ముసలి భాయ్ ఉన్నాడు, ఇప్పుడు పని తక్కువ చేస్తాడు, అడుగుదాం" అన్నాడు. భాయ్ అంగడి అంటే ఒక రేకుల షెడ్డు, ముందర చింతచెట్టు. భాయ్‌కు నా కన్నా వయసు. అంబాసిడర్ చూడగానే లేచి వచ్చి బానెట్ మీద చెయ్యి వేసినాడు.

నేను మార్చిన గొట్టం సంగతి విని నవ్వినాడు. "అన్నా, ఆ గొట్టం రంధ్రం రేకుకు పైన ఉంటుంది. స్లోలో రేకు మూసుకుంటుంది, అప్పుడు అక్కడ పీల్పు ఉండదు. అందుకే నీకు పికప్ వచ్చింది, స్లో రాలేదు. పనికిరాని పని చేయలేదులే, అది కూడా మార్చాల్సిందే" అన్నాడు.

భాయ్ మొదట నాలుగు ప్లగ్గులు విప్పి వరుసగా గోనె మీద పెట్టినాడు. ముందరి రెండూ తెల్లగా కాలిపోయి ఉన్నాయి, వెనక రెండూ నల్లగా మసి. "చూడన్నా. ఈ ఇంజన్‌కు 1, 2 సిలిండర్లకు కలిపి ఒకటే గాలి దారి. 3, 4కు కలిపి ఇంకొకటి. ముందరి రెండే తెల్లగా ఉంటే గాలి ముందర పక్క దూరుతా ఉంది" అన్నాడు. వెనక రెండిట్లో మసి ఎందుకంటే, వర్క్‌షాపులో స్లో నిలబడడానికి పెట్రోలు స్క్రూ తిప్పి ఎక్కువ పోసినారు. రోగం ఒక పక్క, మందు ఇంకొక పక్క. ప్లగ్గుల రంధ్రాల్లో కంప్రెషన్ మీటరు పెట్టి నాలుగూ చూసినాడు. నాలుగూ ఇంచుమించు ఒక్కటే. "ఇంజన్ అయిపోయింది అన్నది ఎవరు? ఇది ఇంకా పదేళ్ళు నడుస్తుంది." బావ అక్కడే ఒక టైరు మీద కూర్చుండిపోయినాడు.

తరువాత మ్యానిఫోల్డ్‌కు ఉన్న చిన్న ప్లగ్ విప్పి పీల్పు కొలిచే మీటరు తగిలించినాడు. ముల్లు 11 దగ్గర నిలబడింది. సముద్రం పక్క ఊళ్ళలో మంచి ఇంజన్ స్లోలో 18 నుంచి 20 అంగుళాలు చూపిస్తుందట. మన బెంగళూరు పక్క సముద్రం కన్నా దాదాపు 3,000 అడుగుల ఎత్తు. గాలి పలచన. ప్రతి వెయ్యి అడుగులకు ఒక అంగుళం తగ్గించుకోవాల. కాబట్టి ఇక్కడ 15 నుంచి 17 వస్తే మంచిదే, 11 అంటే జబ్బే. స్పార్కు ఆలస్యమైనా ముల్లు ఇట్లనే తక్కువగా నిలబడుతుందని టైమింగ్ కూడా చూసినాడు. అది సరిగానే ఉంది.

ఇంక సందు యాడ ఉందో కనిపెట్టాల. మా మేనల్లుడు అంగడి నుంచి ఒక స్ప్రే డబ్బా తెచ్చినాడు. దాన్ని అతుకుల మీద కొడితే, సందు ఉన్న చోట ఇంజన్ మోత మారుతుంది, ఫోన్లో చూసినాను అన్నాడు. మాట నిజమే. భాయ్ మాత్రం వాని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగినాడు. అంబాసిడర్‌లో గాలి మ్యానిఫోల్డ్, పొగ మ్యానిఫోల్డ్ రెండూ ఒకే పక్క, ఒకదానికి ఒకటి ఆనుకుని ఉంటాయి. పొగది కాలి ఎర్రబారే ఇనుము. ఆ స్ప్రే మంటకు అంటుకునేది. అక్కడ కొడితే ముందు ముఖం కాలుతుంది. మన పిల్లలు ఎవరైనా ఇట్లాంటి పని చేస్తే ఇది గుర్తు పెట్టుకోండి. ఊదుబత్తి పొగతో చూస్తామని కూడా కొందరు అంటారు. పెట్రోలు ఉన్న చోట నిప్పు వద్దు.

అప్పుడు నేను, "భాయ్, నేను దూదితో చూస్తాను" అన్నాను. అక్క దీపం వత్తులకు పెట్టుకున్న దూది ఇంటి నుంచి తెప్పించినాను. చిటికెడు తీసి సన్నగా సాగదీసినాను. చేతికి ఆ పని మరుపు రాలేదు. ఇంజన్ ముందర ఫ్యాను గాలికి దూది నిలబడలేదు. భాయ్ ఆలోచించి ఫ్యాను బెల్టు తీసేసినాడు. "రెండే నిమిషాలు. బెల్టు లేకపోతే నీళ్ళు కూడా తిరగవు, వేడెక్కుతుంది" అన్నాడు. తిరిగే వాటికి దూరంగా, చొక్కా చేతులు పైకి మడిచి, నేను వంగినాను.

వెనక కొస దగ్గర దూది కదలలేదు. నడుమ కదలలేదు. కార్బొరేటర్ పక్కన రేకు తిరిగే కమ్మీ బయటికి వచ్చే చోట కొంచెం వణికింది. ముందర కొసకు వచ్చేసరికి దూది వంగి, మ్యానిఫోల్డ్ అతుకులోకి చటుక్కున పోయింది. నా వేళ్ళలో ఏమీ మిగలలేదు. భాయ్ ఒక సీసాతో అదే చోట కొంచెం నీళ్ళు చిమ్మినాడు. 'ఉస్స్' ఆగింది. ఇంజన్ రెండు క్షణాలు నింపాదిగా నిలబడింది. నీళ్ళు లోపలికి పోయినాక మళ్ళీ వణుకు.

బావ లేచి వచ్చి, "రేయ్ బామ్మర్దీ, మిల్లులో దూది నీకు అన్నం పెట్టింది, ఇక్కడ నా బండికి పెట్టింది" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద మ్యానిఫోల్డ్ విప్పినాం. గ్యాస్కెట్ ముందర కొసలో కాలి నల్లగా తెగి ఉంది. అది మాత్రమే అయితే కొత్తది వేస్తే సరిపోయేది. కానీ భాయ్ ఒక స్టీలు స్కేలు నిలువుగా పెట్టి చూపించినాడు. రెండు మ్యానిఫోల్డ్‌లనూ ఒకే స్టడ్డు, ఒకే పెద్ద వాషరు కలిపి పట్టుకుంటాయి. వాషరులో సగం గాలి దాని మీద, సగం పొగ దాని మీద ఆనుతుంది. ముందర కొసలో గాలి దాని అంచు వెంట్రుక మందం తక్కువగా ఉంది. ఎప్పుడో ఎవరో దాన్ని ఆకురాయితో రాసి ఉంటారు. అప్పుడు నట్టు ఎంత బిగించినా వాషరు పొగ మ్యానిఫోల్డ్‌నే నొక్కుతుంది, గాలి మ్యానిఫోల్డ్ వదులుగానే ఉంటుంది. "గట్టిగా బిగిస్తే ఆగుతుంది అనుకుంటారు. నొక్కు సమంగా పడకపోతే ఎంత బలం పెట్టినా వృథా" అన్నాడు భాయ్.

ఒక గాజు పలక మీద ఎమెరీ పేపరు పరిచి, గాలి మ్యానిఫోల్డ్ ముఖం దాని మీద సమంగా రుద్దినాం. ఆ పని నాకూ బావకూ ఇచ్చినాడు. ఎనిమిది అంకె మాదిరి తిప్పుతా రుద్దాల, ఒకే పక్క నొక్కకూడదు. ముఖం అంతా ఒకే రంగు వచ్చేదాకా రుద్దినాం. దుమ్మంతా పెట్రోలుతో కడిగి ఆరబెట్టినాం. తక్కువైన మందానికి వాషరు పొగ పక్క కొంచెం రాసి, రెండు అంచుల మీదా సమంగా కూర్చునేలా చేసినాడు. సిలికాన్ పేస్టు పూద్దామా అని మేనల్లుడు అడిగితే భాయ్ తల అడ్డంగా ఊపినాడు. మామూలు సిలికాన్ పెట్రోలుకు ఉబ్బి, ముక్కలై లోపలికి పోతుంది. ముఖం సమంగా ఉంటే కొత్త గ్యాస్కెట్ ఒక్కటే చాలు.

కార్బొరేటర్ కమ్మీ అరిగినందుకు దాన్ని పట్టుకుని ఇండస్ట్రియల్ ఏరియా పక్క లేతు అంగడికి పోయినాం. ఆదివారమైనా తెరిచి ఉంది. లేతు అబ్బాయి ఇత్తడి బుష్షులు రెండు తిప్పి ఇచ్చినాడు. అరగంట పని. అత్తిబెలెలో ఈ సుఖం ఉంది. పెద్ద ఫ్యాక్టరీల చుట్టూ చిన్న చిన్న లేతు అంగళ్ళు, వెల్డింగు అంగళ్ళు. ఏ ముక్క కావాలన్నా తిప్పి ఇచ్చే చెయ్యి ఒకటి దొరుకుతుంది. ఈ బండ్లు చేసిన ఉత్తరపారా ఫ్యాక్టరీ, కలకత్తా దగ్గర, 2014 మే నెలలో ఆగిపోయింది. అక్కడ పని చేసిన కార్మికులు ఇండ్లకు పోయినారు, మన మాదిరే. వాళ్ళు చేసిన బండ్లు ఇంకా ఇట్లాంటి లేతు అబ్బాయిల వల్ల నడుస్తా ఉన్నాయి.

బిగించేటప్పుడు భాయ్ నడుమ నట్టు నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి కొసలకు పోయినాడు. ఒకేసారి కాదు, మూడు సార్లుగా. కార్బొరేటర్ నట్లు కూడా పిచ్చిగా బిగించకూడదు, చెవులు వంగి అక్కడ కొత్త సందు పుడుతుంది. అంతా అయినాక స్టార్టు చేసి, ముందు తిప్పిన స్క్రూలన్నీ మళ్ళీ మొదటి నుంచి సరిచేసినాడు. మీటరు ముల్లు 16కు పోయి నిలబడింది. భాయ్ రేడియేటర్ మీద ఒక స్టీలు గ్లాసుతో నీళ్ళు పెట్టినాడు. నీళ్ళు కొంచెం వణికినాయి, ఒలకలేదు.

ఖర్చు రాస్తాను, ఎందుకంటే మనకు అది ముఖ్యం. గ్యాస్కెట్ 250, ఎమెరీ పేపరు 40, బుష్షులు 400, నేను ముందు మార్చిన రబ్బరు గొట్టం 60. భాయ్ ఏమీ అడగలేదు, బావ బలవంతంగా వెయ్యి ఇచ్చినాడు. మొత్తం 1,750 రూపాయలు. నలభై వేలు అన్న చోట.

సోమవారం ఆస్పత్రికి పోయినాం. చందాపుర సర్కిల్లో ఎర్ర లైటు. బండి నిలబడింది. బావ రెండు కాళ్ళూ మామూలుగా పెట్టుకుని కూర్చున్నాడు. పచ్చ లైటు పడింది, పోయినాం. అంతే, చెప్పేదానికి ఇంకేమీ లేదు. వచ్చేటప్పుడు అక్క వెనక పడుకుని ఇంటి దాకా కళ్ళు తెరవలేదు. దిగేటప్పుడు, "ఈ రోజు యాడా ఆగలేదు కదా" అంది. అక్క లోపల జబ్బు మాత్రం ఇట్ల గ్యాస్కెట్ వేసి ఆపేది కాదు. అది మా అందరికీ తెలుసు. అందుకే ఆపగలిగింది ఆపాల.

ఆ రాత్రి మేనల్లుడు నాతో, "మామా, ఆ పది వేలు ఫీజు నేను నెలనెలా పక్కన పెడతాను" అన్నాడు. నేను వాణ్ణి మెచ్చుకోలేదు, మొదట వాడు చెప్పింది కూడా న్యాయమే కాబట్టి.

నేను మన వాళ్ళకు చెప్పేది ఒక్కటే. ఏదైనా పాతది ఆగిపోతే అయిపోయింది, తీసేయండి అని చెప్పేవాళ్ళు తొందరగా దొరుకుతారు. మన మిల్లుకూ చెప్పినారు. అన్నీ బాగవుతాయని నేను అనడం లేదు. కొన్ని నిజంగానే అయిపోతాయి. అయితే అయిపోయింది అని ఒప్పుకోకముందు ఎక్కడ నుంచి గాలి పోతా ఉందో ఒకసారి చూడండి. ప్లగ్గులు చూడండి, చెవి పెట్టండి, దూది పట్టండి. మీ చేతికి ఒకప్పుడు తెలిసిన పని ఇంకా మీ చేతిలోనే ఉంటుంది.

భాయ్ ఒక మాట చెప్పి పంపినాడు. కొత్త గ్యాస్కెట్ వేడికి, చలికి నాలుగైదు సార్లు తిరిగినాక కొంచెం కుంగుతుంది. రెండు వారాల తరువాత నట్లు చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ ఒకసారి బిగించాల. అందుకని వచ్చే ఆదివారం మళ్ళీ పసుపు లైను ఎక్కుతా ఉన్నాను. అక్కకు దీపం వత్తుల దూది ఒక కట్ట కొని పెట్టుకున్నాను. మొన్న సగం నేనే వాడేసినాను.